జడ్జిగారికి పాచేలు

మార్చి 1, 2012, గురువారం

విత్తనాల కంపెనీ వాళ్లు ఊరంతా ఊరికే పంచిన డైరీ ఇది. అట్ట మీద మొక్కజొన్న కంకి బొమ్మ. రెండు నెలలుగా వంటింట్లో వేడి గిన్నెల కింద పెట్టుకుంటున్నాం. ఇవాళ హెర్లిందా దాన్ని తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"ఏమయ్యా, ఆ సంతోషమంతా ఇందులో రాసుకో. పొద్దున్నుంచి విని విని నా చెవులు వాచిపోయాయి."

పెళ్లాం మాట కాదంటానా? రాస్తున్నాను. మూడో తరగతితో ఆగిన చదువు నాది. పైగా మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టి పట్టి వేళ్లు కొంకర్లు పోయాయి. అక్షరాలు వంకరగా ఉంటే డైరీయే సర్దుకోవాలి.

సంగతేమిటంటే, దారి దొరికింది! నా ఒడీలియాకి, నా బంగారుతల్లికి, దారి దొరికింది!

పోయినేడాది అది పనిచేసే లాండ్రీలో దాని భుజంలో కత్తి దింపి గల్లాపెట్టె పట్టుకుపోయాడే, ఆ దుర్మార్గుడు. నా కూతురు కాగితాల్లేని మనిషి. నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నా ఎవరూ తప్పు పట్టరు. కూర్చోలేదు. పోలీసులకి చెప్పింది. కోర్టులో నిలబడి, వాడి ఎదురుగానే చెప్పింది. వాడు జైలుకి పోయాడు. ఇలా దెబ్బ తిని కూడా కేసుకి సాయం చేసినవాళ్లకి ఈ అమెరికా దేశం ఒక వీసా ఇస్తుంది. అది వస్తే గ్వాటెమాలాలో, మా ఊరు షేలాలో, నా చెల్లెలి దగ్గర పెరుగుతున్న మనవరాలు దామారిస్‌ని కూడా తెచ్చుకోవచ్చు. ఒడీలియా వదిలి వచ్చేనాటికి ఆ పిల్లకి నడక కూడా సరిగా రాదు. ఇప్పుడు ఏడేళ్లు. తల్లి ఫోన్లో ఒక గొంతు, అంతే.

కానీ వీసా అడగాలంటే ముందు ఆ కేసు చూసిన అధికారి ఒకరు "అవును, ఈమె మాకు సాయం చేసింది" అని సంతకం పెట్టాలి. అది లేకపోతే ఏదీ లేదు. ఇక్కడి పోలీసు పెద్ద పెట్టనన్నాడు. ఎందుకంటే ఏమీ లేదు, అలవాటు లేదట.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఇవాళ కార్లా నొవోత్నీ పిలిచింది. చర్చి కింది గదిలో కూర్చుని మాలాంటివాళ్ల పనులు చూసే పిల్ల ఆవిడే. లాయరు కాదు గానీ లాయర్లంత పని చేస్తుంది. కంప్యూటర్ మా వైపు తిప్పింది. నన్నెప్పుడూ డోన్ అనే పిలుస్తుంది, మా భాషలో గారు అన్నట్టు.

"నాలాంటివాళ్లు దేశమంతా ఉన్నారు, డోన్ అన్సెల్మో. ఎవరికి తెలిసింది వాళ్లు ఇందులో పెడతాం. ఏ ఊళ్లో ఎవరు సంతకం పెడతారు, ఉత్తరం ఎలా రాయాలి, ఎక్కడ బోర్లా పడ్డాం, అన్నీ. కావలసినవాళ్లు తీసుకుంటారు."

"అంటే ఉమ్మడి బీరువా" అన్నాను.

"అలాగే అనుకోండి."

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

"మా అందరి దగ్గరా."

"అమ్మో! మరి దొంగతనాలు?"

"తీసుకుంటే తరిగే సరుకు కాదు కదా" అని నవ్వింది.

ఆ బీరువాలో, ఐడహో రాష్ట్రంలో ఉన్న ఎవరో ఒక తల్లి, మా మొహం కూడా చూడని తల్లి, ఒక మాట పెట్టి ఉంచింది. పోలీసులు కాదంటే కేసు విన్న జడ్జి కూడా సంతకం పెట్టవచ్చు, చట్టంలో ఉంది, నేను అడుగుతూ రాసిన ఉత్తరం ఇదిగో, మీరూ వాడుకోండి అని! కార్లాకే ఆశ్చర్యం. ఇన్నేళ్లుగా మా జిల్లాలో జడ్జిని అడగవచ్చని ఎవరికీ తట్టలేదు.

ఐడహో తల్లీ, నీ కడుపు చల్లగా ఉండాలి. నీ ఇంట్లో పొయ్యి ఆరకూడదు. నీ పిల్లలు

హెర్లిందా పిలుస్తోంది, అన్నానికి.

మార్చి 2

సంతోషం. అదే.

మార్చి 8, గురువారం

షేలా వాళ్లం గురువారం పాచేలు తినకపోతే ఆ వారం గడిచినట్టు కాదు. మా ఇంట్లో ఆ పని నాది, పెళ్లయిన కొత్తలోనే హెర్లిందా నాకు అప్పగించేసింది. బంగాళాదుంపలు ఉడికించి మెదిపి, టమాటా, ఎండుమిరపకాయల ముద్ద కలిపి, మధ్యలో పంది మాంసం ముక్క పెట్టి, అరిటాకులో చుట్టి ఆవిరికి పెట్టాను. తొక్కలు ఒడీలియా తీసింది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా లేవడం లేదు. ఎడమచేత్తోనే తీసింది. సాయం చేయబోతే, "నాన్నా, చేయి పెట్టావంటే నీ వేలి తొక్క కూడా తీస్తా" అంది.

కార్లా జడ్జిగారికి ఉత్తరం పంపింది. ఆయన పేరు వెస్టర్‌గార్డ్. తెల్ల గడ్డం. తీర్పు రోజున ఒడీలియాని "మంచినీళ్లు కావాలా అమ్మా" అని అడిగాడు. అలా అడిగినవాడు పెట్టకుండా ఉంటాడా?

మార్చి 20, మంగళవారం

కోర్టు నుంచి కార్లాకి ఫోన్! కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయట, వచ్చే వారం జడ్జిగారు చూస్తారట!

"అయిపోయినట్టే!" అన్నాను.

"చూస్తానన్నారు నాన్నా. పెడతాననలేదు."

"నీకన్నీ అనుమానాలే. చూడకుండా పెడతారా? చూస్తే పెడతారు."

హెర్లిందా దామారిస్‌కి మంచం ఎక్కడ వేయాలో కొలుస్తోంది. అనుమానం లేని మనిషి ఇంట్లో ఇంకొకరున్నారు, దేవుడి దయ.

మార్చి 22, గురువారం

ఇవాళ ఒక మంచి పని చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఫలితం వచ్చాక చెబుతాను, ఆశ్చర్యపోవాలి.

నా చిన్నప్పుడు మున్సిపాలిటీ గుమాస్తా మా అందరి పుట్టిన తేదీలూ ఎక్కించి ఇస్తే మా అమ్మ కోడిని పట్టుకెళ్లింది. అలా వెళ్లకపోతే మనిషా పశువా అంటారు మా వైపు. ఇంత చేస్తున్న జడ్జిగారికి ఒట్టి చేతులా?

వేడివేడి పాచేలు సంచిలో పెట్టుకుని కోర్టుకి వెళ్లాను. గుమ్మం దగ్గర గార్డు, నెరిసిన జుట్టావిడ, ఆపింది.

"ఏముంది అందులో?"

"భోజనం."

"ఎవరికి?"

"జడ్జిగారికి."

"ఆయన తెప్పించుకున్నారా?"

"ఆయనకి తెలియదమ్మా. అదే కదా సంగతి."

ఆవిడ ఒకటి విప్పి, వాసన చూసి, మళ్లీ చుట్టింది. చుట్టడం రాలేదు పాపం. తర్వాత సంచిని ఆ ఎక్స్‌రే పెట్టెలోంచి పంపింది. తెర మీద నా పాచేలు చిన్న చిన్న దిండ్లలా బారుగా కనిపించాయి. ఎంత అందంగా ఉన్నాయో!

పై అంతస్తులో కాగితాలు తీసుకునే కిటికీ దగ్గర ఎప్పుడూ ఉండే ఆవిడ లేదు, ఎవరో కొత్తావిడ సంచి తీసుకుంది. నేను దాని మీద ముందే రాసి పెట్టుకున్నాను. "జడ్జి వెస్టర్‌గార్డ్ గారికి. ఒడీలియా కొయోయ్ తండ్రి నుంచి, కృతజ్ఞతతో. వేడిగా తినాలి. ఆకు తినకూడదు."

ఆ చివరి మాట మంచికే రాశాను. ఇక్కడివాళ్లకి తెలియదు.

మార్చి 23

కబురు లేదు. తింటూ ఉండి ఉంటారు.

మార్చి 26, సోమవారం

కార్లా ఫోన్ చేసింది.

"డోన్ అన్సెల్మో, గురువారం మీరు కోర్టుకి వెళ్లారా?"

"ఏ గురువారం?"

"డోన్ అన్సెల్మో."

"వెళ్లాను."

"ఎవరికైనా ఏమైనా ఇచ్చారా?"

"ఏమీ ఇవ్వలేదమ్మా. పాచేలు ఇచ్చాను."

లైను తెగిందనుకుని "హలో, హలో" అన్నాను కూడా. తెగలేదు.

జడ్జి ముందు ఒక అర్జీ ఉండగా ఆ ఇంటివాళ్లు ఆయనకి ఏదీ ఇవ్వకూడదట. ఏదీ అంటే ఏదీ. ఆయన ఒడీలియా ఫైలు పక్కన పెట్టేశారట. తాను తప్పుకోవలసి వస్తుందేమో చూస్తున్నారట. తప్పుకుంటే అది రెండో జడ్జి దగ్గరికి పోతుంది. ఆ రెండో ఆయన ఇలాంటివి ఎన్నటికీ పెట్టనని ముందే చెప్పేశాడట.

"బంగాళాదుంపలమ్మా! బంగాళాదుంపలు లంచమా?"

"నాకు తెలుసు డోన్ అన్సెల్మో. నాకు తెలుసు. నేనే మీకు ముందు చెప్పాల్సింది. ఇది చెప్పాలని మాకెవరికీ తట్టదు."

నేనేమీ తప్పు చేయలేదు. పాచేలు బాగా కుదిరాయి కూడా.

మార్చి 27

ఒడీలియాకి చెప్పలేదు. ఇవాళ దానికి భుజం నొప్పి ఎక్కువగా ఉంది. రేపు చెబుతాను.

మార్చి 28

ఇవాళ నొప్పి తగ్గింది. నవ్వుతోంది. తగ్గిన రోజున మనసు పాడుచేయడం దేనికి? రేపు.

మార్చి 29, గురువారం

పాచేలు చేయలేదు. బంగాళాదుంపలు బాగాలేవని చెప్పాను. హెర్లిందా బుట్టలోంచి ఒకటి తీసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నా మొహం చూసి, బుట్టలో పెట్టేసింది.

మంచం కొలతలు రాసిన కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

మార్చి 30, శుక్రవారం

కార్లా రమ్మంది. వెళ్లాను. బల్ల మీద నా సంచి! కోర్టు వాళ్లు ఉన్నది ఉన్నట్టు తిరిగి పంపించేశారు. గార్డు విప్పిన ఒకటి తప్ప అన్నీ నేను కట్టిన ముడులతోనే ఉన్నాయి. పాపం, చల్లారిపోయి.

"కూర్చోండి" అంది. "నిన్న మన బీరువాలో ఒక ప్రశ్న పెట్టాను. పేర్లు లేకుండా. జడ్జి దగ్గర అర్జీ ఉండగా బాధితురాలి తండ్రి తిండి పట్టుకెళ్లాడు, ఇప్పుడేం చేయాలి అని."

"నవ్వి ఉంటారు."

"మీరే వినండి."

చదివింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆపిల్ తోటల్లో పనిచేసే కుటుంబం ఒకటి ప్రభుత్వ లాయరు ఆఫీసుకి బతికున్న టర్కీ కోడిని పట్టుకెళ్లిందట. అది తాడు తెంపుకుని వరండా అంతా పరుగులు. టెక్సస్‌లో ఫిలిప్పీన్స్ వాళ్లు పోలీసు స్టేషనుకి పందిని నిలువునా కాల్చి తెచ్చారట, మొత్తం పందిని, నోట్లో ఆపిల్ పండుతో! మెయిన్ రాష్ట్రంలో కాంగో నుంచి వచ్చిన ఒకావిడ పోలీసు సార్జెంటుకి తన చేత్తో కుట్టిన చొక్కా ఇచ్చిందట. కొలతలు లేకుండానే సరిపోయిందట.

నేను కళ్లు తుడుచుకున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. దేశం నిండా నాలాంటి వెర్రివాళ్లున్నారు! మనసు తేలికైపోయింది.

"నవ్వడం అయిందా?" అంది కార్లా. "అసలైన సమాధానం ఇదీ."

న్యూ మెక్సికోలో ఒకతను రాశాడు. అక్కడా జడ్జే, తండ్రే. తిండి వెనక్కి రావాలి. ఇచ్చినవాడు, ఎందుకిచ్చాడో, ఎవరూ అడగలేదనీ, బాధితురాలికి తెలియదనీ తన మాటల్లో రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. అది అందరికీ కనిపించేలా ఫైల్లో ఉండాలి. వాళ్ల జడ్జి అది చదివి, ఇక అభ్యంతరం లేదని పని సాగించాడట, చివరికి సంతకమూ పెట్టాడట. తాము పంపిన కాగితం కూడా జత చేశాడు.

"అయితే రాసేస్తాను!"

"రాయండి. ముందు ఒడీలియాకి చెప్పండి. ఆమెకి తెలియదని రాస్తాం కాబట్టి ఈ కాగితం ఆమె చూడాలి కదా."

ఇంటికొచ్చి సంచి ఫ్రీజర్లో అడుగున పెట్టాను, బఠాణీల ప్యాకెట్ల వెనక. రేపు తప్పకుండా చెబుతాను.

ఏప్రిల్ 1, ఆదివారం

చెప్పనక్కర్లేకపోయింది. ఒడీలియా బఠాణీల కోసం ఫ్రీజర్ తెరిచింది.

"నాన్నా, ఆదివారం పాచేలేమిటి?" అంటూ సంచి బయటికి లాగింది. మీద రాసింది చదివింది. రెండోసారి చదివింది.

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. సంచిని బల్ల మీద పెట్టి, దాని ముందు కూర్చుంది.

"నేను ఆ కోర్టులో నిలబడ్డాను నాన్నా. వాడు నన్నే చూస్తున్నాడు. అయినా చెప్పాను. ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాను. నా మాట చాలలేదా నీకు? దాని పక్కన పాచేలు కూడా పెట్టాల్సి వచ్చిందా?"

అలా కాదమ్మా అన్నాను. కృతజ్ఞత అన్నాను.

"దేనికి? నేను చేసినదానికి నువ్వు ఆయనకి కృతజ్ఞత చెబుతావా?"

నేను వెళ్లి ఫ్రీజర్ తలుపు మూశాను.

హెర్లిందా మాత్రం సంచి మీది రాత మెల్లగా కూడబలుక్కుని చదివి, "ఆకు తినకూడదట! జడ్జికి చెబుతున్నాడు చూడు, పెద్ద చదువులు చదివినాయనకి!" అని శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒడీలియా నవ్వలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 2

మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 3

ఉప్పు అందించమంది. నన్నే అడిగింది. హెర్లిందా పక్కనే ఉన్నా నన్నే అడిగింది!

ఏప్రిల్ 4, బుధవారం

నా వాంగ్మూలం నాలుగు పేజీలు వచ్చింది. కార్లా చదివింది.

"జడ్జిగారి తల్లిదండ్రుల్ని దీవించిన భాగం తీసేద్దాం."

"అది ముఖ్యం కదమ్మా."

"పాచేలు చేసే పద్ధతి కూడా."

"పద్ధతి లేకపోతే అందులో దాపరికం ఏదీ లేదని ఆయనకెలా తెలుస్తుంది?"

"నాన్నా" అంది ఒడీలియా. ఆదివారం తర్వాత అలా పిలవడం ఇదే మొదటిసారి. కలం నా చేతిలోంచి లాక్కుని కొట్టివేయడం మొదలుపెట్టింది. మూడు పేజీలు పోయాయి. నాలుగో పేజీలో సగం పోయింది. మిగిలింది ఇదీ: నేను ఒడీలియా తండ్రిని. ఆమెకి చెప్పకుండా, ఎవరూ అడగకుండా, నా అంతట నేనే భోజనం తీసుకెళ్లాను. మా ఊళ్లో కృతజ్ఞత అలా చెబుతారు. ఇక్కడ కూడదని నాకు తెలియదు. అంతా తిరిగి అందింది.

"ఒక్క వాక్యం కలపనీ" అన్నాను. "దీవెన కాదు, ఒట్టు."

కలం ఇచ్చింది. రాశాను. "నా కూతురు కోర్టులో చెప్పింది నిజం. దానికి నా వంట అక్కరలేదు."

ఒడీలియా చదివింది. కొట్టివేయడానికి కలం అందుకుంటుందనుకున్నాను. అందుకోలేదు. కాగితం మడిచి కార్లాకిచ్చి, "ఇది ఉండనివ్వండి" అంది.

ఏప్రిల్ 5, ఈస్టర్ ముందు పెద్ద గురువారం

పండగ. అయినా పాచేలు చేయలేదు. అది వచ్చేదాకా చేయను. ఏమిటి వచ్చేదాకా అంటే, అదే.

ఏప్రిల్ 12

ఏమీ లేదు.

ఏప్రిల్ 17

ఏమీ లేదు. మంచం కొలతల కాగితం కింద పడితే మళ్లీ అంటించాను. గాలికి పడింది, అంతే.

ఏప్రిల్ 18, బుధవారం

పెట్టారు!!!

పెట్టారు పెట్టారు పెట్టారు! జడ్జి వెస్టర్‌గార్డ్ సంతకం పెట్టారు! వాంగ్మూలం చదివి, అభ్యంతరం లేదని ఫైల్లో రాయించి, పెట్టేశారు! నీలం సిరా! కార్లా చూపించింది, ముట్టుకోనివ్వలేదు, నా చేతుల మీద నమ్మకం లేదట. హెర్లిందా నేల మీద కూర్చుని ఏడ్చింది. ఒడీలియా తన పేరు మీద, ముట్టకుండా, గాల్లోనే వేలితో గీసుకుంది. "సాయం చేసింది" అన్న మాట మీద కూడా.

"రేపు గురువారం" అన్నాను.

"వద్దు!" ముగ్గురూ ఒక్కసారే.

"మన కోసమే అంటున్నాను, మన ఇంట్లో!"

ఏప్రిల్ 24

కార్లా అడిగింది, మన కథ బీరువాలో పెట్టనా, మిగతావాళ్లు తమ దగ్గరికొచ్చే కుటుంబాలకి ముందే చెప్పుకుంటారు అని. ఒడీలియాని అడగమన్నాను. కథ దానిది. పెట్టమంది.

"అయితే నా పేరు పెద్దక్షరాల్లో పెట్టండి" అన్నాను.

"ఎవరి పేర్లూ పెట్టకూడదు డోన్ అన్సెల్మో, అదే మా మొదటి నియమం."

"పోనీ పాచేల పేరు?"

ఆలోచించింది. "అది పెడతాను."

మే 10, గురువారం

అర్జీ మొత్తం పోస్టులో వెళ్లింది. దామారిస్ పేరు కూడా అందులోనే, తల్లి పేరు కింద. ఇక కాచుకోవడమే. ఏడాదో రెండేళ్లో పట్టవచ్చట. పట్టనీ.

పాచేలు. పన్నెండు చేశాను, ఒక్కటి మిగల్లేదు.

జులై 3

ఓరెగాన్ నుంచి ఎవరో బీరువాలో రాశారట. పాచేల పేజీ చదివి, గొర్రెపిల్లతో కోర్టుకి బయల్దేరిన ఒక తాతని గుమ్మంలోనే పట్టుకున్నారట. వాళ్ల సంతకం క్షేమంగా వచ్చిందట. గొర్రెపిల్లా క్షేమమేనట.

నా తప్పు ఓరెగాన్‌లో ఉద్యోగం చేస్తోంది! హెర్లిందాకి చెప్పాను. "నీకంటే అదే నయం, జీతం అడగదు" అంది.

(కొత్త డైరీలు ఈసారి పంచలేదు. ఇందులోనే మిగిలిన పేజీల్లో రాస్తున్నాను.)

నవంబర్ 14, 2013

వచ్చింది. వీసా వచ్చింది. చెయ్యి ఆడటం లేదు, రేపు రాస్తాను.

నవంబర్ 15

ఇవాళా ఆడటం లేదు.

జులై 26, 2014, శనివారం

ఒమాహా విమానాశ్రయం. మెట్ల దగ్గర ఒక పిల్ల, పొడుగ్గా, రెండు జడలు, మెడలో కార్డు. ఒడీలియా కదల్లేదు. పిల్లే వచ్చింది. వచ్చి, ముందు మొహం చూడలేదు, "ఏ భుజం?" అని అడిగింది. ఒడీలియా చూపించింది. పిల్ల రెండో భుజం మీద తల పెట్టింది.

అంతకంటే రాయలేను.

మంచం పొట్టిదైపోయింది. కొలతలు పాతవి కదా.

ఆగస్టు 21, 2014, గురువారం

జడ్జి వెస్టర్‌గార్డ్ వేసవిలో రిటైరయ్యారు. పేపర్లో పడింది. ఆ పేపరు ముక్క పట్టుకుని కార్లా దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా మొహం చూసే కనిపెట్టేసింది.

"ఆగండి. ఈసారి అడిగి చెబుతాను."

బీరువాలో అడిగింది. ఆయన ఇప్పుడు ఏ కేసూ చూడటం లేదు. మా అర్జీ ఏదీ ఎక్కడా మిగిలి లేదు. వాషింగ్టన్ నుంచి, టెక్సస్ నుంచి, న్యూ మెక్సికో నుంచి, ఐడహో తల్లి దగ్గర్నుంచి కూడా, అందరిదీ ఒకటే మాట వచ్చింది. వెళ్లమనండి!

ఆయన ఇంటికే వెళ్లాం. కారు ఒడీలియా నడిపింది, లైసెన్సు వచ్చింది కదా. సంచి దామారిస్ ఒళ్లో, వేడికి కాళ్లు ఎత్తెత్తి పెట్టుకుంటోంది. సంచి మీద ఈసారి నేనేమీ రాయలేదు. ఒడీలియా రాయనివ్వలేదు.

తలుపు ఆయనే తీశారు. చేతులకి తోటపని తొడుగులు, మట్టి. గడ్డం ఇంకా తెల్లబడింది. నేను నోరు తెరిచేలోపు ఆయన చూపు నన్ను దాటి వెనక్కి వెళ్లింది.

"మిస్ కొయోయ్" అన్నారు. "ఆ రోజు మీరు చెప్పింది నాకు మాట మాట గుర్తుంది."

ఒడీలియా తల వంచలేదు. "ఇది నా కూతురు" అంది.

ఆయన తొడుగులు తీసేసి దామారిస్‌కి చెయ్యిచ్చారు. సంచి అందుకున్నారు. ఒక అరిటాకు మూట బయటికి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఆకు తినకూడదు, అంతేనా?"